దేవుడి పేరుకు వదిలిన చోటు

పోయిన వారం హెన్యాను ప్రార్థనా మందిరంలో, చేతిలో సూదితో నిలబెట్టి వచ్చాం. మరిచిపోయినవాళ్ళ కోసం, ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పుకుందాం. జెరూసలేంలోని ఆ రాతి ఇళ్ళ వాడలో హెన్యా భర్త, లేఖకుడు కల్మన్, తోలు పత్రాలు కలిపి కుట్టి చుట్టగా చుట్టే యూదుల వేదం తోరా గ్రంథం రాస్తూ రాస్తూ సగంలో కన్నుమూశాడు. మూడేళ్ళయింది. దాన్ని పూర్తి చేయించే పూచీ తనదని మందిరం పెద్ద రెబ్ జెలిగ్ అందరి ముందూ మాటిచ్చాడు. కిందటి వేసవిలో పూర్తయిందన్నాడు. వాడంతా ఆడి పాడి, పందిరి పట్టి మందిరానికి మోసుకొచ్చారు. దాని మఖ్మల్ తొడుగు మీద భర్త పేరును హెన్యాయే జరీతో కుట్టింది. ఆ కృతజ్ఞతతో ఆమె గుండె ఇంకా తడిగా ఉండగానే, రెండు నెలలకు రెబ్ జెలిగ్ వచ్చి మా అబ్బాయి లేబుష్‌కి మీ అమ్మాయి ఫ్రాదల్‌ని ఇస్తారా అంటే, ఆయన నోరు మూసేలోపే సరేనంది. ఇవాళ మధ్యాహ్నం నిశ్చితార్థం. తొడుగు మీద జరీ పోగు ఊడింది, చుట్టాలు చూస్తారు, కాస్త కుట్టిపెట్టమని పొద్దున్నే కబురొస్తే వెళ్ళింది. తొడుగు తీసింది. చుట్టకు కట్టిన నడికట్టు వదులై గ్రంథం జానెడు తెరుచుకుంది.

అది కల్మన్ రాసింది కాదు.

ఇరవై రెండేళ్ళు ఆ ఆలుమగలు ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చున్నారు, ఆయన రాస్తూ, ఆమె కుడుతూ. ఆయన దగ్గు ఎంత తెలుసో ఆయన అక్షరమూ ఆమెకు అంత తెలుసు. అయినా అక్షరం చూసి తేల్చుకోలేదు. కళ్ళా మసకలు, మనసా కంగారు, పొరబడవచ్చు. ఆమె వెతికింది ఖాళీల కోసం.

శుద్ధి కోసం స్నానవాటికకు వెళ్ళి మునక వేయకుండా కల్మన్ ఏనాడూ దేవుడి పేరు రాయలేదు. చివరి ఆరు నెలలూ డాక్టరు చన్నీళ్ళ జోలికి పోవద్దని కట్టడి చేశాడు. అప్పటినుంచి పేరు వచ్చిన చోటల్లా, సరిగ్గా ఆ పేరు పట్టేంత జాగా వదిలి ముందుకు పోయేవాడు. "ఒంట్లో నెమ్మదించాక మునిగొచ్చి అన్నీ నింపేస్తానులేవే" అనేవాడు. యాజకుల దీవెన రాసిన రోజు హెన్యాకు బాగా గుర్తు. దీవెనలో మూడు వాక్యాలు, మూడింటిలోనూ పేరుంది. మూడు చోట్లా ఖాళీ. "చూడవే, దీవెన ఉంది, దీవించేవాడే లేడు" అని నవ్వబోయి దగ్గాడు.

ఈ వారం చదవాల్సిన భాగంలోనే ఆ దీవెన ఉంది కనుక, గ్రంథం సరిగ్గా అక్కడే తెరుచుకుంది. ఖాళీలను తర్వాత ఇంకెవరో నింపి ఉంటే సిరా తేడా తెలియాలి. అక్షరాలు ఇరుక్కునో, సాగదీసుకునో ఉండాలి. అలాంటిదేమీ లేదు. మొదటి నుంచి చివరిదాకా ఒకే చెయ్యి, ఒకే సిరా. అదీ ఏభై ఏళ్ళు గాలి తగిలి గోధుమరంగుకు తిరిగిన సిరా.

ఏడాదిగా ప్రతి శనివారం మందిరం పై అంతస్తులో ఆడవాళ్ళ మధ్య నిలబడి, జాలీలోంచి ఆ తొడుగు వైపు వేళ్ళు చాచి, ఆ వేళ్ళను ముద్దుపెట్టుకుంది హెన్యా. కొండ మీద భర్త సమాధి దగ్గరికి వెళ్ళి, మీ గ్రంథం చదువుతున్నారండీ అని చెప్పి వచ్చింది. ఇప్పుడు నోరు కడుక్కోవాలనిపించింది. వెంటనే ఆ ఆలోచనకు సిగ్గుపడింది. పాపం, గ్రంథం ఏం చేసింది, అదీ పవిత్రమైనదే. రోత పుట్టించింది దాని ఒంటి మీదున్న తన కుట్టు. తొడుగు ఎలా తీసిందో అలాగే వేసి, ఊడిన పోగు ఊడినట్టే ఉంచి, తిన్నగా రెబ్ జెలిగ్ ఇంటికి నడిచింది.

ఈ రెబ్ జెలిగ్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. శనివారం మధ్యాహ్నం ఆయన పాఠం చెబితే మందిరంలో కాలు పెట్టడానికి చోటుండదు. ఈ ఏడాది ఆయన ఎంచుకున్న విషయం, కంటికి కనపడని దొంగతనాలు. నిద్రపోయేవాణ్ణి ఊరికే లేపితే దొంగతనమే, ఆ నిద్ర మళ్ళీ తెచ్చివ్వలేవు కనుక. కొనే ఉద్దేశం లేకుండా ధర అడిగితే ఆ కొట్టువాడి ఆశ దొంగిలించినట్టు. తినడని తెలిసీ మా ఇంట్లో భోంచెయ్యి, భోంచెయ్యి అని బతిమాలితే, నీకు దక్కిన మంచిపేరు దొంగసొమ్ము. ఇలా చెప్పుకుంటూ పోయేవాడు, వినేవాళ్ళు తమ చేతులు తామే చూసుకునేవాళ్ళు. అంజూరపళ్ళ బండి దగ్గర ఊరికే ధర అడిగిందని పక్కింటి పేషాకు నలుగురిలో తలంటాడు. పాపం ఆ పేషా మూడు రోజులు బజారు మొహం చూడలేదు. అంత నిక్కచ్చి మనిషి!

ఆ నిక్కచ్చి మనిషి ఇంట్లో బల్ల దగ్గర నిలబడి, మధ్యాహ్నం విందుకు ఊరేసిన చేప రుచి చూస్తున్నాడు. వేళ్ళ చివర్ల నుంచి నూనె కారుతోంది. గడ్డంలో ఒక ఉల్లిపాయ ముక్క. భార్య ట్రైనా వాకిట్లో బెంచీలు వేయిస్తోంది. హెన్యా లోపలికి రాగానే ఆయన మోచేత్తో తలుపు ఓరగా తెరిచి పెట్టాడు. పరాయి స్త్రీతో మూసిన గదిలో ఉండకూడదన్న నియమం ఆయన ఎప్పుడూ తప్పలేదు.

"రండి వియ్యపురాలా, రండి! కుట్టడం అయిపోయిందా? ఈ ముక్క కాస్త నోట్లో వేసుకుని చెప్పండి, ఉప్పు తగిలిందో లేదో మా ట్రైనాకి తేలి చావడం లేదు."

"రెబ్ జెలిగ్, మందిరం బీరువాలో ఉన్న గ్రంథం ఎవరిది?"

"ఎవరిదేంటమ్మా! మీ ఆయనది. పేరు మీరే కుట్టారుగా."

"తొడుగు సంగతి కాదు. లోపలి సంగతి అడుగుతున్నా."

ఆయన చేతిలో ముక్క ఆగింది. నోట్లోది ఆగలేదు. నెమ్మదిగా నమిలి, మింగి, అప్పుడు అడిగాడు. "ఎవరేం చెప్పారు మీకు?"

"ఎవరూ చెప్పలేదు. దీవెన చూశాను. మూడు చోట్లా నిండుగా ఉంది."

"నిండుగా ఉంటే మంచిదేగా?"

"మా ఆయన ఆ మూడు చోట్లా ఖాళీ వదిలాడు. నా ఎదురుగా కూర్చుని వదిలాడు."

రెబ్ జెలిగ్ తువ్వాలు అందుకుని ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకున్నాడు. అంత సేపు అబద్ధం వెతుక్కుంటున్నాడేమో అనుకుంది హెన్యా. కాదు. ఆయన నిజమే చెప్పాడు. అది అబద్ధం కంటే అసహ్యంగా ఉంది.

"కోపం తెచ్చుకోకుండా వినండి. పత్రాలు ఒక లేఖకుడికి పంపిన మాట నిజం. ఆయన అన్నీ తిరగేసి, చనిపోయినవాడు వదిలిన చోట్లలో పేరు రాయాలంటే నాకు చెయ్యాడదు, ఏడాదైనా పడుతుంది అన్నాడు. నేనా, ఊరేగింపు ఫలానా రోజని వాడంతా చాటేశాను. బాజాలవాళ్ళు, పందిరి, హైఫా నుంచి చుట్టాలు... నన్నేం చెయ్యమంటారు చెప్పండి? ఆ బీరువా కింది అరలో అడిగే దిక్కులేని పాత గ్రంథం ఒకటి ఉంది. శుద్ధమైనది, ఒక్క తప్పు లేదు. మీరు కుట్టిన తొడుగు దానికి చక్కగా సరిపోయింది."

"సరిపోయింది" అంది హెన్యా.

"ఆ ఒక్క రోజూ గడిస్తే చాలనుకున్నాను. సాయంత్రం మీరొచ్చి ఇదిగో, ఈ గుమ్మంలో కూలబడి ఏడ్చారు. మా ఆయన పేరు నిలబెట్టారు, ఏం అడిగినా కాదనను అన్నారు. అప్పుడు నా నోటితో ఎలా చెప్పను? మీ సంతోషం మంటగలపమంటారా?"

"ఆ సాయంత్రం చెప్పలేకపోయారు, పోనీ. రెండు నెలలకి మా గుమ్మంలోకి వచ్చి పిల్లనడిగారే, అప్పుడేమైంది నోటికి?"

"మా లేబుష్‌కి ఏం తక్కువమ్మా?"

"ఏమీ తక్కువ లేదు. బంగారంలాంటి కుర్రాడు. అందుకే ఇంత మంటగా ఉంది."

"మరింకేం? అసలు మీ దగ్గర నేను తీసుకున్నదేంటి? ఒక గుడ్డముక్క తీసుకున్నానా, ఒక గుండుసూది తీసుకున్నానా?"

"నా సరే తీసుకున్నారు" అంది హెన్యా. "ఊరికే వచ్చి అడిగితే నేను ఆలోచించేదాన్ని. పిల్లనడిగేదాన్ని. మీ ఇంటి సంగతీ, మీ సంగతీ వాకబు చేసేదాన్ని. మీరు నన్ను ఆలోచించనివ్వలేదు. మొన్న శనివారం మీరేగా చెప్పారు? ఒకడు తన వైన్ పీపా ముందే కొట్టువాడికి అమ్మేశాడు, ఎలాగూ దాన్ని తెరవాలి. తెరుస్తూ తెరుస్తూ, వచ్చిన అతిథితో నీకోసమే తెరుస్తున్నా అన్నాడు. ఆ అతిథి మనసులో పుట్టిన కృతజ్ఞత దొంగిలించిందే అన్నారు. పైన కూర్చుని మేమంతా ముక్కులు చీదుకున్నాం."

"అది పాఠమమ్మా. వైన్ పీపా వేరు, ఏడ్చే విధవరాలి మనసు కుదుటపరచడం వేరు." ఆయన గొంతు తగ్గించాడు. పాఠంలో కిటుకు విప్పబోయే ముందు ఎప్పుడూ అలాగే తగ్గిస్తాడు. "ఇంకో సంగతి కూడా చెప్పాను, గుర్తుందా? పదిమందిలో మనిషిని తలవంచుకునేలా చేస్తే, ఆ మనిషి నెత్తురు కళ్ళచూసినట్టే. ఇవాళ హైఫా వాళ్ళ ముందు మీరు నోరు జారితే, తల వంచుకునేది నేనొక్కణ్ణే కాదు. మీ ఫ్రాదల్ కూడా. పీటల దాకా వచ్చి ఆగిపోయిన పిల్లని తర్వాత ఎవరు చేసుకుంటారు?"

జేబులోంచి రుమాలు తీసినంత తేలిగ్గా తీశాడు ధర్మాన్ని. మూతి తుడుచుకోవడానికి కూడా వాడాడు. గడ్డంలో ఉల్లిపాయ ముక్క ఇంకా అక్కడే ఉంది. హెన్యాకు దాని మీద నుంచి చూపు తిప్పుకోవడం చేతకాలేదు.

"మా ఆయన పత్రాలెక్కడ?"

"భద్రంగా ఉన్నాయి."

"ఎక్కడ?"

"ముందు నిశ్చితార్థం పళ్ళెం పగలనివ్వండి వియ్యపురాలా. సాయంత్రం నేనే మోసుకొచ్చి మీ చేతుల్లో పెడతాను."

అంటే తాకట్టు. చచ్చినవాడి చేతిరాతను అడ్డం పెట్టుకుని బతికున్నదాని నోరు మూయిస్తున్నాడు. ఇలాంటి మనిషిని చీదరించుకోవడానికి మాటలు వెతకడం కూడా దండగ. హెన్యా వెతకలేదు. వాకిట్లోకి వచ్చి, నూతి పక్క కాలువ దగ్గర వంగి, పొద్దున తాగిన టీ అంతా కక్కేసింది.

పేషా చెంబు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "అయ్యో హెన్యక్కా! ఇవాళ కూడా ఏమీ తినకుండా తిరుగుతున్నావా? ఇంద, పుక్కిలించు."

"పేషా, కల్మన్ గ్రంథం ఉంది చూడు..."

"ఇవాళ అవన్నీ ఎందుకక్కా!" పేషా గబుక్కున అడ్డొచ్చింది. "శుభమా అని పిల్ల నిశ్చితార్థం పెట్టుకుని. లే, మొహం కడుక్కో, తలగుడ్డ మార్చుకో." చెంబు ఆమె చేతిలో పెట్టి, పని ఉన్నదానిలా వెళ్ళిపోయింది. పేషాకు పని ఉండటం, ఉన్నా మాట మధ్యలో వదిలి వెళ్ళడం హెన్యా ఎప్పుడూ చూడలేదు. కానీ అప్పుడు దాన్ని పట్టించుకునే స్థితిలో లేదు.

మధ్యాహ్నానికి వాకిలంతా నిండిపోయింది. ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు. ఫ్రాదల్‌తో ఒక్క నిమిషం ఒంటరిగా మాట్లాడాలని హెన్యా రెండుసార్లు ప్రయత్నించింది. జడ వేసేవాళ్ళు, మడతలు సర్దేవాళ్ళు పిల్ల చుట్టూ గోడ కట్టేశారు. ఇక మిగిలింది పళ్ళెం ఒక్కటే. ఒప్పంద పత్రం చదివాక పెళ్ళికొడుకు తల్లీ, పెళ్ళికూతురి తల్లీ ఒక మట్టి పళ్ళేన్ని చెరో వైపు పట్టుకుని నేలకేసి పగలగొడతారు. అది పగిలేదాకా సంబంధం తప్పిపోయినా ఎవరూ ఏమీ అనరు. పగిలాక మాట తప్పడమంటే, ఆ వాడలో విడాకుల కంటే నీచంగా చూస్తారు. నేను ఎవరినీ సిగ్గుపెట్టను, గట్టిగా ఒక్క మాట కూడా అనను, పళ్ళెం మాత్రం వదలను, వారం గడువడుగుతాను. ఇదీ హెన్యా చేసుకున్న నిర్ణయం. తన సరే ఒకసారి పోయింది, రెండోసారి పోనివ్వకూడదు.

ఒప్పందం చదవడం అయింది. రెబ్ జెలిగ్ గడ్డం కడుక్కుని, దువ్వుకుని, అందరికంటే ముందు నిలబడి చిరునవ్వు నవ్వుతున్నాడు. ట్రైనా వంటింటి తువ్వాల్లో చుట్టిన పళ్ళెం తెచ్చింది. ఆ ఇల్లాలికి ఏమీ తెలియదు. మొహం చూస్తేనే తెలుస్తోంది. ఇద్దరూ చెరో అంచు పట్టుకున్నారు.

"ఊ, వదలండి" అని నవ్వింది ట్రైనా, తన చెయ్యి తీసేస్తూ.

హెన్యా వదల్లేదు. పళ్ళెం బరువంతా ఆమె చేతిలోకి వచ్చింది.

"ట్రైనా, ఒక్క వారం ఆగుదాం" అంది మెల్లగా.

"అదేంటి వియ్యపురాలా? ఒంట్లో బాలేదా?"

ఆడవాళ్ళలో గుసగుస మొదలైంది. ఆ గుసగుసను తోసుకుంటూ ఫ్రాదల్ తల్లి పక్కకు వచ్చి నిలబడింది. పందొమ్మిదేళ్ళ పిల్ల. తండ్రి నుదురు, తండ్రి మొండితనం.

"అమ్మా, పగలగొట్టు" అంది చెవిలో.

"నీకు తెలియదే తల్లీ. ఇంటికెళ్ళాక అంతా చెప్తాను."

"తెలుసమ్మా. ఆ గ్రంథం నాన్నది కాదు. అదేగా?"

హెన్యా తల తిప్పి కూతుర్ని చూసింది. "ఎప్పట్నుంచి?"

"ఊరేగింపు రోజు నుంచి. మందిరం లోపలికి టీ పట్టుకెళ్ళాను. రెబ్ జెలిగ్ గారు పాతదానికి తొడుగు వేస్తూ కనిపించారు."

"ఏడాది నుంచి తెలిసి... నాతో ఒక్క ముక్క అనలేదు?"

"ఎలా అనమంటావు? నాన్న పోయిన దగ్గర్నుంచి నువ్వు తిండి ముట్టింది లేదు. ఊరేగింపు నుంచి వచ్చి, ఆకలేస్తోందే, రొట్టె పెట్టు అన్నావు. నీ అంతట నువ్వు అడిగావు. నేనప్పుడు రొట్టె పెట్టనా, అది నాన్న గ్రంథం కాదని చెప్పనా?" ఫ్రాదల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేనొక్కదాన్నే కాదమ్మా. అందరికీ తెలుసు, అందరూ అదే అనుకున్నారు."

అందరూ. ఆ మాట హెన్యా చెవిలో పడింది కానీ లోపలికి దిగడానికి కొంచెం సమయం పట్టింది. పేషా వైపు చూసింది. పేషా తన చెప్పులు చూసుకుంటోంది. దాని పక్కన కసాయివాడి భార్య తలగుడ్డ సర్దుకుంటోంది, సర్దుకోవడానికి ఏమీ లేకపోయినా. ఆ పక్కనున్న ముసలావిడ ఆకాశం చూస్తోంది. ఇవాళ మీ ఆయన గ్రంథంలోనే చదివారమ్మా అని ప్రతి శనివారం చెయ్యి పట్టుకుని చెప్పిన ఆడవాళ్ళు. ఆమె జాలీలోంచి వేళ్ళు చాచి ముద్దుపెట్టుకుంటుంటే, పక్కన నిలబడి ఒకరి మొహాలొకరు చూసుకుని ఉంటారు. పాపం పిచ్చిది, సంతోషపడనీ అనుకుని ఉంటారు. వాళ్ళ జాలి అంతా కలిసి జిడ్డులా ఒంటి మీద అంటుకున్నట్టు అనిపించింది. రెబ్ జెలిగ్ మీద పుట్టిన రోత దీని ముందు ఎంత! ఆయన ఒక్కడు. ఆయన్ని ఉమ్మేసి పోవచ్చు. వీళ్ళందరి మధ్యా ఆమె బతకాలి. కన్న కూతురితో సహా.

వేళ్ళలో పట్టు ఎప్పుడు పోయిందో ఆమెకు తెలియలేదు. తువ్వాలు చేతిలోనే ఉండిపోయింది. పళ్ళెం జారి రాతి నేల మీద పడి ముక్కలైంది.

వాకిలంతా ఒక్క గొంతుతో శుభం పలుకుతూ అరిచింది.

"మజల్ తోవ్! మజల్ తోవ్!"

అందరికంటే పెద్ద గొంతు రెబ్ జెలిగ్‌ది. ఆయన అప్పటికే చేతులు తడుతున్నాడు. మగవాళ్ళు భుజాలు భుజాలు పట్టుకుని తిరగడం మొదలుపెట్టారు. ట్రైనా హెన్యాను వాటేసుకుని రెండు బుగ్గలూ ముద్దులతో తడిపేసింది. "హమ్మయ్య, భయపెట్టేశావు కదమ్మా!" అంది, మీరు నుంచి నువ్వులోకి దిగిపోయి.

"నేను వదల్లేదు" అంది హెన్యా.

ఎవరికీ వినబడలేదు. పేషా ఆమె నోట్లో తీపి రొట్టె ముక్క పెట్టబోయింది. హెన్యా ఆ చేతిని తోసేసింది. "నేను వదల్లేదు, జారింది! నేను సరేననలేదు!"

పాట ఊపందుకుంది. ఆమె మాట పాటలో కలిసిపోయింది. మగవాళ్ళ వైపు ఒక్క మనిషి మాత్రం ఆడటం లేదు. పెళ్ళికొడుకు లేబుష్ ముక్కలైన పళ్ళేన్నీ, హెన్యా ఖాళీ చేతుల్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. రెండు అడుగులు ముందుకు వేసి, పాడుతున్న తండ్రి చేతులు రెండూ పట్టుకుని ఆపాడు.

"నాన్నా, ఉండండి. ఆవిడేదో అంటోంది."

"సంతోషంతో అంటోందిరా, పద."

"కాదు."

చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగాయి. లేబుష్ ఆడవాళ్ళ వైపు తిరిగాడు. మొహం పాలిపోయి ఉంది.

"అత్తయ్యగారూ, మీరేమన్నారో నాకు సరిగ్గా వినబడలేదు" అన్నాడు. "ఇంకోసారి చెప్పండి. అందరికీ వినబడేలా చెప్పండి."